పెట్రోలు ముల్లు

ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలంలో మా వీధిలో మగ్గాలు నిలిచిపోయాయి. ధర్మవరంలో పుట్టి ధర్మవరంలోనే మెట్టినదాన్ని నేను. మగ్గం చప్పుడు లేకుండా తెల్లవారడం నాకు అదే మొదలు. పట్టుదారం ధర చేతికందనంత పైకి పోయింది. సావుకార్లను అడిగితే "వానలు పడనీ, చూద్దాం" అన్నారు. వానలు చూస్తే అప్పటికి రెండేళ్ళుగా ముఖం చాటేశాయి. ఉగాదికి ముందే మా మగ్గం మీది పడుగు అయిపోయింది. ఆఖరి చీర కోసి మడత పెట్టిన రోజు మా ఆయన రామదాసు మగ్గం గుంటలోంచి లేచి, పోగును అటూ ఇటూ దూసే నాడెను పైగుడ్డతో తుడిచి గూట్లో పెట్టాడు. దసరా పూజకు తప్ప నాడె ఆ గూట్లోకి పోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంట్లో మేం ముగ్గురం. నేసేది ఆయన. కండెలు చుట్టడం, తెగిన పోగులు అతకడం నా పని. మా అత్త చెన్నమ్మ రాట్నం తిప్పుతుంది. మగ్గం ఆగితే ముగ్గురి చేతులూ ఒక్కసారే ఖాళీ అయ్యాయి. అత్త ఊరికే కూర్చోలేక, ఉన్న చింతపండునే మళ్ళీ మళ్ళీ గింజలు ఏరేది.

నెల తిరక్కముందే ఆయనకు పని దొరికింది. నేత పని కాదు, బండి తోలే పని. పెళ్ళికి ముందు ఆయన బళ్ళారిలో వాళ్ళ మేనమామ లారీ మూడేళ్ళు నడిపాడు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని శ్రీరంగప్ప సావుకారు కబురు పంపాడు.

శ్రీరంగప్పకు డెబ్బై ఏళ్ళు దగ్గర పడ్డాయి. పట్టుచీరల వ్యాపారం అప్పటికే తమ్ముడి కొడుకులకు ఒప్పజెప్పాడు. భార్య పోయింది. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక పాత ఇంగ్లీషు కారు. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, నేలకు పొట్ట ఆనినట్టు ఉండేది. ముందు దీపాలు ఉబ్బి ఉండేసరికి ఊళ్ళో దాన్ని కప్పబండి అనేవారు. ఇరవై ఏళ్ళ కిందట కాఫీ తోటల దొర ఒకడు దేశం విడిచిపోతూ బెంగుళూరులో అమ్మేస్తే కొన్నాడట. భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె కొంగు గాలికి ఎగురుతూ ఉంటే బజారు మధ్యలో పోయేవాడు. చిన్నప్పుడు మేమంతా గడపల్లోకి పరుగెత్తుకొచ్చి చూసేవాళ్ళం. ఆమె పోయాక, కళ్ళలో పొరలు కమ్మాక, బండి రెండేళ్ళు షెడ్డులో గోనెపట్టాల కింద పడి ఉంది.

"కండ్లు పూర్తిగా పోకముందే ఒకసారి దాంట్లో తిరగాలప్పా. తోలడం నాకు కాదు. నువ్వు తోలు, నేను పక్కన కూర్చుంటా," అన్నాడట మా ఆయనతో.

మొదటి పదిహేను రోజులూ మా ఇంట్లో పండగే. పొద్దున చల్లగా ఉండగానే రాప్తాడు దాకా పోయి వచ్చేవారు. వారానికి ఒకసారి అనంతపురంలో కంటి డాక్టరు దగ్గరికి. మా ఆయన ఇంటికొచ్చి, సంగటి ముద్ద ముందు కూర్చుని, ఆ బండి గేర్లు ఎట్లా పడతాయో, మలుపులో ఎట్లా ఒదుగుతుందో చేతులు తిప్పుతూ చెప్పేవాడు. మగ్గం గురించి ఆయన అట్లా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. చొక్కా పెట్రోలు వాసన వేసేది. నాకు ఆ వాసన నచ్చేది కూడా.

ఆ తర్వాత పెట్రోలు మీటరులో ముల్లు పడడం మొదలైంది.

శ్రీరంగప్పకు రోడ్డు సరిగా కనపడదు. అయినా బండి ఎక్కగానే కళ్ళద్దాలు నొసటి మీదికి తోసి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, పెట్రోలు మీటరు చూసేవాడు. ఇరవై ఏళ్ళ అలవాటు. ఒకనాడు పొద్దున అట్లా వంగినవాడు వెంటనే లేవలేదట.

"నిన్న సాయంత్రం నిండుగా పోయించినాం గదప్పా. ఈ పొద్దు సగమే చూపిస్తాంది?"

"ఏమో అయ్యా. నేను ముట్టలేదు," అన్నాడు మా ఆయన.

"ముట్టినావని నేనన్నానా?"

ఆ మాట నవ్వుతూనే అన్నాడట. మా ఆయన కూడా ఇంట్లో నవ్వుతూనే చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ అంతే జరిగింది. ఈసారి సావుకారు ఏమీ అనలేదు. మా ఆయన ఇంట్లో ఏమీ చెప్పలేదు. పక్కింటి అంజనమ్మ చెప్పింది నాకు. బోరింగు దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంటే, నా చెవి దగ్గరికి వచ్చి, "మీ ఆయన కాడ పెట్రోలు దొరుకుతాదంట గదా? మా మరిది మోపెడ్డుకు ఒక సీసా ఇప్పించు పాపా, ఊరికే వద్దులే," అంది.

"ఎవరు చెప్పినారు?" అన్నాను.

"ఊరంతా అనుకుంటాంటే ఎవరని చెప్పేది? షెడ్డు కాడికి మీ ఆయన తప్ప ఎవరు పోతారు?"

బిందె నిండి పొర్లిపోతున్నా నాకు తెలియలేదు. వెనక ఉన్నావిడ అరిస్తే తీశాను.

ఆ సాయంత్రం ఆయన వచ్చాడు. పెరట్లో రాతి పలక మీద కాళ్ళు కడుక్కోవడానికి నిలబడ్డాడు. నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. ఆ వాసన గుప్పుమంది. అంతకు ముందు నచ్చిన వాసనే. వంచిన తల ఎత్తకుండా అడిగేశాను.

"నువ్వు తీసుకోలేదు గదా?"

"ఏంటిది?"

"పెట్రోలు."

ఆయన కాళ్ళు కడుక్కోవడం ఆపలేదు. రెండో కాలు కూడా మడమ దాకా రుద్ది కడిగాడు. నా చేతిలో చెంబు తీసుకుని పలక మీద బోర్లించాడు. లోపలికి పోయి, పడుగు లేని మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. సంగటి చల్లారిపోయింది.

మా అత్త గడపలోంచి అంతా విన్నది. ఆమె నన్ను ఒక్క మాట తిట్టినా బాగుండేది. "ఏం మాట అడిగితివే తల్లీ," అని మాత్రం అని, చింతపండు బుట్ట ముందుకు లాక్కుంది.

ఇంకో వారం పోయింది. సావుకారు పెట్రోలు ట్యాంకు మూతకు బీగం వేయించాడు. బీగంచెవి తన మొలతాడుకు కట్టుకున్నాడు. ఊళ్ళో ఎవరికీ వివరం చెప్పాల్సిన పని లేకపోయింది, ఆ చిన్న ఇత్తడి బీగమే అందరికీ చెప్పింది. మా ఆయన అయినా రోజూ పోయాడు, వచ్చాడు. నాతో పని ఉంటేనే మాట్లాడేవాడు. 'నీళ్ళు', 'తువ్వాలు', 'తలుపేసుకో'. అంతే.

బీగం వేసిన మూడో రోజు ఆయన పొద్దున పదింటికే తిరిగొచ్చాడు. ముఖం కందిపోయి ఉంది. నన్ను దాటి పోయి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు.

"ఇంకొక చెవి చేయించుకున్నావా అని అడిగినాడమ్మా," అన్నాడు.

అత్త ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"బీగం ఉన్నా ముల్లు పడతానే ఉండాది. నేనేం చేసేది? నిన్న బండి ఎండలో నిలబెట్టినా. పొద్దున సగముండే ముల్లు మధ్యాహ్నానికి ముక్కాలుకు లేచినాది. నేను చుక్క పొయ్యలేదు. ఎవరికి చెప్తే నమ్ముతారు? బెంగుళూరుకు పోతా. మన వీధి వెంకటరాముడన్న ఆడ పవర్ లూముల కాడ ఉండాడు. రేపు పదిన్నర బస్సు."

"ఎన్నాళ్ళకు వస్తావు నాయనా?" అంది అత్త.

ఆయన లేచి చూరుకు వేలాడే సంచి దించాడు.

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. బెంగుళూరు అన్న మాట ఎంత గుచ్చుకుందో, ఎండలో ముల్లు లేచిందన్న మాట అంతకంటే ఎక్కువ పట్టుకుంది నన్ను. దొంగ ఎవడైనా పెట్రోలు తీస్తాడు. తెచ్చి పోసే దొంగ ఉంటాడా? అందులోనూ మూతకు బీగం ఉన్నాక? ఈ మాట ఆయనకు తట్టలేదు, తలలో అంత మంట ఉంది. సావుకారుకు తట్టలేదు, ఆయనకు ముల్లు తప్ప ఏదీ కనపడదు. నాకైనా ముందే తట్టి ఉండాల్సింది. నేను ముల్లును గానీ మనిషిని గానీ చూడకుండా వాసన చూసి అడిగినదాన్ని.

మగ్గం మీద పోగుల మధ్య దూర్చే సన్నటి వెదురు బద్ద ఒకటి తీసుకుని, కొంగు నెత్తిన వేసుకుని ఎండలో బయలుదేరాను.

శ్రీరంగప్ప వసారాలో నులక మంచం మీద, తడిగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకు తల తిప్పాడు.

"ఎవరది?"

"నేనయ్యా. రామదాసు పెండ్లాన్ని, తిరుపాలమ్మను."

"మధ్యలో వదిలేసి పోయినాడే మీ ఆయన."

"ఇంకో చెవి ఉందా అని మీరడిగితే పోయినాడు."

"అడిగితే తప్పా?" అన్నాడు.

"తప్పని చెప్పనీకి రాలేదయ్యా. నేను గూడా అడిగినా. కట్టుకున్నదాన్ని నేనే అడిగినాక మిమ్మల్ని ఏమనేది?"

ఆయన నెత్తి మీది తడిగుడ్డ తీసి ఒడిలో పెట్టుకున్నాడు. ఆ పొర కమ్మిన కళ్ళు నా గొంతు వచ్చే వైపు నిలిచాయి.

"మధ్యాహ్నం ఎండకు ముల్లు పైకి లేస్తాదంట. మీరు చూసినారా?" అన్నాను.

"చూసినా. భయపడి మళ్ళీ పోసినాడనుకుంటి."

"యాడ పోస్తాడయ్యా? బీగంచెవి మీ మొలతాడుకు ఉంటే?"

ఆయన మొలతాడు తడుముకున్నాడు. చెవి ఉందా లేదా అని చూసుకున్నట్టు కాదు. అదేదో కొత్తగా తగిలినట్టు.

"ఇరవై ఏండ్లు ఆ ముల్లు నాకు అబద్ధం చెప్పలేదమ్మా," అన్నాడు మెల్లగా.

"చెప్పలేదేమో. ఇప్పుడు జబ్బు చేసిందేమో. ఈ బద్ద ముంచి చూద్దామయ్యా. ఇప్పుడు గాదు. సాయంత్రం ఒకసారి, తెల్లారి ఒకసారి. మా ఆయన ఈ పక్కకే రాడు. బీగం మీరే తీయండి, మీరే వేయండి."

సాయంత్రం ఆరింటికి షెడ్డులోకి పోయాం. ఆయన తాళం తిప్పి, మీటరు మీదికి వంగి, "ముక్కాలు," అన్నాడు. మూత బీగం తీశాడు. నేను బద్దను ట్యాంకు అడుగు తగిలేదాకా నిలువుగా దించి పైకి లాగాను. పెట్రోలు తడి గాలికి క్షణంలో ఆరిపోతుంది. ఆరకముందే తడి ఆగిన చోట గోరు ఆనించాను. "ఈడ కొయ్యండి," అంటే ఆయన తన చాకుతో తడుముకుంటూ గాటు పెట్టాడు. బీగం వేసి, బద్దను కూడా తన దగ్గరే ఉంచుకున్నాడు.

తెల్లవారి ఇంకా ఎండ రాకముందే పోయాను. సావుకారు షెడ్డు ముందు అప్పటికే నిలబడి ఉన్నాడు. మీటరు మీదికి వంగాడు.

"సగానికి లోపల ఉండాది," అన్నాడు.

ఈసారి బద్దను ఆయనే ముంచాడు. పైకి తీసి కంటి దగ్గర పెట్టుకుని లాభం లేక, బొటనవేలితో కింది నుంచి పైకి రాసుకుంటూ పోయాడు. పెట్రోలు తడి వేలికి చల్లగా తగులుతుంది. చల్లదనం ఎక్కడ ఆగితే పెట్రోలు అక్కడికి ఉన్నట్టు. ఆయన వేలు పైకి పాకి, గాటు దగ్గర ఆగింది.

"గాటు కాడికే ఉండాది," అన్నాడు. మళ్ళీ ముంచి, మళ్ళీ రాశాడు. "గాటు కాడికే."

అనాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఆ ముసలాయన ముఖం చూస్తే ఒక్కటీ రాలేదు.

"దాసును పిల్చుకురామ్మా," అన్నాడు చివరికి.

"నేను పిలిస్తే రాడయ్యా. పదిన్నర బస్సుకు బెంగుళూరు పోతాండాడు."

ఇంటికొచ్చేసరికి మా ఆయన పంచెలు మడిచి సంచిలో పెడుతున్నాడు. బద్ద సంగతి నేను చెప్పలేదు. నేను చెప్తే, పోవద్దని కల్లబొల్లి మాటలు చెప్తున్నాననుకుంటాడు. మా అత్త ఊరుబిండి పచ్చడి, రొట్టెలు మూట కట్టింది. తొమ్మిదిన్నరకు సంచి భుజాన వేసుకున్నాడు. అప్పుడు వీధిలో కలకలం వినిపించింది.

శ్రీరంగప్ప నడిచి వస్తున్నాడు. చేతికర్ర నేల మీద కొట్టుకుంటూ, నెత్తిన గుడ్డ కూడా లేకుండా, ఆ ఎండలో, ఒక్కడే. నేతవీధికి ఆయన నడిచి రావడం ఎవరూ ఎరగరు. ప్రతి గడపలో మనుషులు నిలబడ్డారు. అంజనమ్మ చేట పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఒకరిద్దరు దారి చెప్పబోతే చెయ్యి ఊపి వద్దన్నాడు. మా గడప దగ్గర ఆగి, కర్రతో మెట్టు తడిమి చూసుకున్నాడు.

"దాసూ, ఉండావా?"

అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన గటగటా తాగేసి, పైపంచెతో మూతి తుడుచుకున్నాడు. వీధంతా వినేటట్టు చెప్పాడు.

"బండికి బాగలేదప్పా. ముల్లు తప్పు చూపిస్తాంది. పెట్రోలు యాడికీ పోలేదు. నీ పెండ్లామూ నేనూ కట్టె ముంచి చూసినాం. వచ్చి చూడు."

మా ఆయన నా వైపు చూశాడు. పది రోజుల తర్వాత సరిగ్గా చూడడం అదే. ఆ తర్వాత ఆయన చూపు శ్రీరంగప్ప కాళ్ళ మీద పడింది. ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది దారిలో ఎక్కడో జారిపోయినట్టుంది.

సంచి దించి మగ్గం గట్టున పెట్టాడు.

"నాకొక్కనికి చేతకాదయ్యా. యేసన్నను పిలవాల," అన్నాడు.

యేసన్న బస్టాండు దగ్గర రేడియోలు, మోటార్లు, బండ్ల వైర్లు బాగుచేసేవాడు. ఆదివారం చర్చికి పోయేటప్పుడు తప్ప చెవి వెనక నుంచి పెన్సిలు తీసేవాడు కాదు. మధ్యాహ్నానికల్లా షెడ్డుకు వచ్చాడు. "ముందు బీడీలు ఆర్పండి," అన్నాడు, అక్కడ ఎవరూ తాగకపోయినా. మమ్మల్నందరినీ ఒకసారి చూసి పని మొదలుపెట్టాడు.

"ట్యాంకు కాడ నిప్పురవ్వ పడగూడదు సామీ," అని మీటరు వెనక వైరే పీకాడు. వైరు పీకగానే ముల్లు నిండు దాకా లేచింది. దాని జాగాలో ఇంకో తీగె తగిలించి బండి ఇనుముకు తాకిస్తే అడుక్కు పడింది. "మీటరు మంచిగుండాది." తర్వాత ట్యాంకుకూ బండికీ మధ్య తుప్పు గీకి, కొత్త తీగె ఒకటి కట్టాడు. ముల్లు కదల్లేదు. సావుకారుతో బీగం తీయించి, బ్యాటరీ వైరు విప్పించి, ట్యాంకు పైనున్న ఆరు స్క్రూలు విప్పాడు. లోపలి నుంచి పొడుగాటి ఇనప చెయ్యి ఒకటి బయటికొచ్చింది. దాని కొసన కోడిగుడ్డంత ఇత్తడి బుడ్డి. ట్యాంకులో పెట్రోలు మీద ఈ బుడ్డి తేలుతుందట. పెట్రోలు ఎంత ఉంటే బుడ్డి అంత పైకి లేస్తుంది, అది లేచినంత ముల్లు లేస్తుంది.

దాన్ని ట్యాంకుకు దూరంగా పెట్టి, పొడుగు వైరు కట్టి, బ్యాటరీ వైరు మళ్ళీ తగిలించి, యేసన్న చేత్తో ఆ ఇనప చెయ్యిని మెల్లగా ఎత్తాడు. మీటరు దగ్గర వంగిన సావుకారు చెప్తూ పోయాడు. "పావు... సగం... ముక్కాలు... నిండు."

దించాడు. ముల్లు సరిగ్గా దిగింది.

యేసన్న చెవి వెనక పెన్సిలు తీసి తల గీరుకున్నాడు. "అన్నీ మంచిగానే ఉండాయే," అన్నాడు.

మా ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. 'అన్నీ మంచిగానే ఉండాయి' అన్న మాట ఆయన మీద ఎట్లా పడిందో నాకు తెలుసు. బద్ద మీద గాటు ఉంది, నిజమే. కానీ జబ్బేదో దొరక్కపోతే ఊరు గాటును నమ్ముతుందా, ఆయన వెనక ఎన్నేళ్ళు నవ్వుతుందా?

నాకు చేతులు ఊరికే ఉంచుకోవడం రాదు. ఆ ఇత్తడి బుడ్డికి పట్టిన పెట్రోలు జిడ్డు తుడుద్దామని కొంగు పెట్టి పట్టుకున్నాను. పట్టుకుని తిప్పేసరికి చేతిలో ఏదో కదిలినట్టయింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.

"యేసన్నా, దీని కడుపులో నీళ్ళున్నాయి," అన్నాను.

"దాంట్లో నీళ్ళెట్లుంటాయక్కా? అది వట్టి బుడ్డి," అంటూనే అందుకుని ఊపాడు. అతని ముఖం మారిపోయింది. "అమ్మనీ! వేణ్ణీళ్ళు కాచుకురా అక్కా, మరగాల."

సావుకారు వంటింట్లో నీళ్ళు కాచి, నిప్పుకు దూరంగా ఉండాలని గిన్నెతో షెడ్డు బయట నీడకు తెచ్చాను. యేసన్న బుడ్డిని ఇనప చెయ్యి నుంచి విప్పి అందులో ముంచాడు. నలుగురం తలలు వంచి చూస్తున్నాం. ముందు ఏమీ లేదు. తర్వాత బుడ్డి అడుగున అతుకు దగ్గర నుంచి ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. దాని వెనక ఇంకొకటి. ఆ తర్వాత ఎవరో దండ గుచ్చినట్టు వరసగా వచ్చాయి. నీటి మీద పెట్రోలు తళతళా పరుచుకుంది.

"కనపడనంత బొక్క సామీ," అన్నాడు యేసన్న. "రెండేండ్లు షెడ్డులో పడుండి అతుకు తిన్నాది. రాత్రి చల్లబడితే బుడ్డి లోపలి గాలి ముడుచుకుని పెట్రోలును పీల్చుకుంటాది. బరువెక్కి మునుగుతాది, ముల్లు పడుతాది. మధ్యాహ్నం ఎండకు లోపలి గాలి ఉబ్బి పెట్రోలును బయటికి తోస్తాది. బుడ్డి తేలుతాది, ముల్లు లేస్తాది. ట్యాంకులో పెట్రోలు ఎట్లుండేది అట్లే ఉంటాది."

సావుకారు చెయ్యి చాచాడు. యేసన్న బుడ్డిని నీళ్ళలోంచి తీసి, చల్లార్చి ఆయన చేతికిచ్చాడు. కనపడదు కాబట్టి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల మిగిలిన కొంచెం పెట్రోలు గలగలలాడింది. మళ్ళీ ఊపాడు. ఆ తర్వాత బుడ్డిని మా ఆయన నిలబడిన వైపు చాచి, "విను దాసూ," అన్నాడు.

మా ఆయన గోడ విడిచి ముందుకొచ్చి, చెవి ఆయన చేతి దగ్గర పెట్టి విన్నాడు. ఇద్దరి తలలూ దాదాపు తగులుతున్నాయి. క్షమించమని ఆయన అడగలేదు. పర్లేదని ఈయన అనలేదు.

బుడ్డికి వెంటనే మాటు వేయడం కుదరదన్నాడు యేసన్న, లోపల ఆవిరి ఉంటే పేలుతుందట. వాసన పూర్తిగా పోయేదాకా సాయంత్రం వరకూ వేణ్ణీళ్ళు మార్చి మార్చి ముంచాడు. నేను నీళ్ళు కాచి ఇస్తూ ఉన్నాను. పొద్దు వాలాక తగరం కరిగించి, పెసరగింజంత మాటు వేశాడు. మర్నాడు పొద్దున సావుకారు మీటరు మీదికి వంగి, "నిలబడింది," అన్నాడట. ఆ మర్నాడు కూడా అదే మాట. వారం రోజులు ఆ మాట అన్నాక అనడం మానేశాడు.

మా ఆయన సంచిలో పంచెలు మళ్ళీ దండెం మీదికి చేరాయి. ఊళ్ళో అందరితో ఎప్పటిలాగే ఉన్నాడు. అంజనమ్మ మరిదిని పిలిచి మోపెడ్డు కూడా బాగుచేసి ఇచ్చాడు. నాతో మాత్రం ఇంకా 'నీళ్ళు', 'తువ్వాలు' అనే ఉన్నాడు. కోపం లేదు. కోపమైతే నాకు తెలుస్తుంది. కాలికి దెబ్బ తగిలినవాడు నెప్పి తగ్గినాక కూడా ఆ కాలు జాగ్రత్తగా వేసినట్టు మాట్లాడేవాడు.

జూన్ మొదట్లో శ్రీరంగప్పకు అనంతపురంలో కంటి ఆపరేషన్ అయింది. నాలుగు రోజులు ఆసుపత్రిలోనే ఉండాలి. రెండో రోజు ఆయనకు మెత్తటి అన్నం, చారు వండి క్యారియరులో పెట్టాను. "నువ్వూ రా," అన్నాడు మా ఆయన. రెండు సీట్ల బండి. చిన్నప్పుడు గడపలోంచి చూసిన సీటులో కూర్చున్నాను. ఒడిలో క్యారియరు, కాళ్ళకు ఇంజను వేడి.

తిరిగి వచ్చేటప్పుడు రాప్తాడు దాటాం. రెండు పక్కలా దున్ని వదిలేసిన చెనిక్కాయ చేలు, ఎర్రగా, ఒక్క పచ్చని ఆకు లేకుండా. ఇక అడగకపోతే ఎప్పటికీ అడగలేననిపించింది.

"ఆ పొద్దు నేనట్ల అడిగినా గదా..." అన్నాను.

ఆయన గేరు తగ్గించాడు.

"అడిగినందుకు గాదు తిరుపాలూ. ఎవరైనా అడగొచ్చు. నీళ్ళు పోస్తా, నా కాళ్ళు చూస్తా అడిగితివి. ముఖం చూసి అడిగుంటే చెప్పేవాణ్ణి."

ఆయన బండి పక్కకు తీసి ఆపాడు.

"ఇప్పుడు అడుగు," అన్నాడు.

"ఇప్పుడెందుకు? అంతా తెలిసిపోయినాక?"

"అడుగు, నేను చెప్పాల గదా."

క్యారియరు కాళ్ళ దగ్గర పెట్టి ఆయన వైపు తిరిగాను. కనుబొమ్మల మీద దుమ్ము, గెడ్డంలో అప్పుడే రెండు తెల్ల వెంట్రుకలు. ఆరేళ్ళుగా చూస్తున్న ముఖమే.

"పెట్రోలు తీసినావా?"

"లేదు."

"నాకు తెలుసు."

"ఇప్పుడు తెలుసు," అని నవ్వాడు. ఆ సాయంత్రం పెరట్లో అడిగాక ఆయన నవ్వడం అప్పుడే చూశాను. నాకు ఏడుపొచ్చింది. కొంగుతో ముఖం కప్పుకుంటే, "ఎవురన్నా చూస్తే నేను కొట్టినాననుకుంటారు మేయ్," అని బండి తీశాడు.

శ్రీరంగప్పకు ఒక కన్ను వచ్చింది. రోడ్డు కనపడింది, మనుషులు కనపడ్డారు. అయినా బండి తోలడం మా ఆయనకే వదిలేసి, తను పక్క సీట్లో కూర్చుని దారి పొడుగునా మాట్లాడేవాడట. జూలైలో రెండు మంచి వానలు పడ్డాయి. పట్టుదారం కొంచెం దిగింది. సావుకార్లు పడుగులు ఇస్తామని కబుర్లు పంపారు. మా అత్త రాట్నం దులిపి పెట్టింది. ఆయన మళ్ళీ గుంటలోకి దిగుతాడని మేమిద్దరం అనుకున్నాం.

"నేను సావుకారు కాడ ఉంటా," అన్నాడాయన, సంగటి తింటూ. "మగ్గం తిరుపాలు నేస్తాది."

అత్త ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది. "ఆడది గుంటలో కూర్చుని నేసేది మన ఇంట్లో యాడన్నా ఉందా?"

"ఈడ ఉంటాది. పోగు తెగితే నాకంటే ముందు దానికే తెలుస్తాది. బుడ్డిలో పెట్రోలు కదిలింది కనుక్కున్నోళ్ళకు పోగులొక లెక్కా?"

ఆమె నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది. మర్నాడు పొద్దున లేచేసరికి మగ్గం గుంట ఊడ్చి, నీళ్ళు చల్లి, కూర్చునే పలక మీద తన పాత దుప్పటి మడత పెట్టి ఉంచింది.

నా మొదటి చీరకు నలభై రెండు రోజులు పట్టింది. ఆయనైతే పదిహేను రోజుల్లో నేసేవాడు. రోజుకు జానెడు, కొన్నిరోజులు అది కూడా లేదు. అంచు రెండుసార్లు తప్పి, విప్పి మళ్ళీ నేశాను. పక్కన రాట్నం తిప్పుతూ అత్తా, సాయంత్రం ఇంటికొచ్చి గుంట గట్టున కూర్చుని ఆయనా చూస్తూ ఉండేవారు. ఎవరూ తొందర పెట్టలేదు.